సక్యులెంట్ మొక్కలకు పేనుబంక: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలైందంటే చాలు, వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు డాబాల మీద కుండీలు పెంచేవాళ్ళ నుంచి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఒక్క మాట ముందే చెప్పాలి: పేనుబంక వల్ల సక్యులెంట్ (దళసరి ఆకుల్లో, కాండంలో నీళ్ళు దాచుకునే జేడ్, ఎచెవేరియా, అడీనియం లాంటి మొక్క) చచ్చిపోవడం అరుదు. కంగారుపడి కొట్టిన మందులకు, పోసిన నీళ్ళకు పోయేవే ఎక్కువ.

## గుర్తుపట్టడం

జేడ్ మొక్క చిగుర్లకు పచ్చగ, నల్లగ చిన్న పురుగులు గుంపుగ పట్టినయి. ఇది పేనుబంకేనా?

చాలావరకు అదే. పురుగు 1 నుంచి 2.5 మిల్లీమీటర్ల పొడవు, మెత్తటి ఒళ్ళు, వెనక భాగం ఉబ్బి ఉంటుంది. లేత చిగురు, పూకాడ, ఆకు మొదలు, ఈ మూడు చోట్లే గుంపు కడుతుంది. భూతద్దంలో చూస్తే ఒంటి చివర రెండు సన్నటి గొట్టాలు కనిపిస్తాయి. అవి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. కుంచెతో కదిపితే నింపాదిగా నడుస్తుంది, దూకదు, రెక్కలు వచ్చినవి తప్ప ఎగరదు. రంగును బట్టి తేల్చుకోవద్దు. పత్తిని పట్టే పేనుబంకే వాతావరణాన్ని బట్టి లేత పసుపు నుంచి దాదాపు నలుపు దాకా కనిపిస్తుంది.

ఆకుల మీద తెల్లగ పిండిలెక్క ఉన్నది. పేనుబంకనా, పిండినల్లినా?

ఊది చూడండి. ఎగిరిపోతే అవి పేనుబంక విడిచిన కుబుసాలు. పురుగు పెరిగేకొద్దీ నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది, ఆ తెల్లటి పొట్టే కింది ఆకుల మీద రాలుతుంది. ఊదినా కదలకుండా, పుల్లతో గీకితే దూదిలా సాగి జిగటగా అంటుకుంటే పిండినల్లి. ఎచెవేరియా లాంటి వాటికి ఆకంతా ఒకే తీరుగా సన్నటి బూడిద పూత ఉంటుంది, అది మొక్క సొంత మైనం. దాన్ని తుడవొద్దు. ఈ తేడా తెలియడం ఎందుకంటే, పేనుబంక నీళ్ళ దెబ్బకే పోతుంది. పిండినల్లికి మైనం కోటు ఉంటుంది కాబట్టి నీళ్ళతో లొంగదు.

అడీనియంకు పసుపు పురుగులు పట్టినయి, కాళ్ళు నల్లగున్నయి. జేడ్ మీద ఉన్నవి ఇట్ల లేవు.

ఇది వేరే జాతి పేనుబంక. జిల్లేడు మొగ్గల మీద, గన్నేరు కొనల మీద నిమ్మపండు రంగులో కిక్కిరిసి ఉండేది ఇదే. అడీనియం, హోయా, స్టపీలియా కూడా గన్నేరు కుటుంబానివే కాబట్టి వాటి మీదికి వస్తుంది. జేడ్, ఎచెవేరియాల జోలికి రాదు. పక్క ఖాళీ ప్లాటులో జిల్లేడు ఉంటే అక్కడి నుంచి రెక్కల పురుగులు వస్తూనే ఉంటాయి. అందుకని జిల్లేడు నరికించాల్సిన పని లేదు. చలికాలంలో అడీనియం మొగ్గలను వారానికోసారి చూసి కడిగితే సరిపోతుంది. కొమ్మ కత్తిరించేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకోండి, అడీనియం పాలు విషం.

కుండీ కింద బండంతా జిగటగున్నది, ఆకుల మీద మసి పట్టినట్టు అయితున్నది. ఇది తెగులా?

పేనుబంక రసం పీల్చి, మిగులు చక్కెరను తేనెలాంటి బంకగా విసర్జిస్తుంది. ఆ బంక మీద పెరిగే నల్ల బూజే ఆ మసి. అది ఆకు లోపలికి పోదు, వెలుతురును మాత్రం అడ్డుకుంటుంది. పురుగు పోతే కొత్త మసి రాదు. ఉన్నదాన్ని జేడ్ లాంటి నున్నటి ఆకుల మీద తడి బట్టతో తుడవొచ్చు. దీనికి శిలీంద్ర మందు కొట్టడం డబ్బు దండగ.

నాలుగో అంతస్తులో ఉంటం. మా బాల్కనీల ఎట్ల వచ్చినయి?

గాలికి. గుంపు ఎక్కువై తిండి చాలనప్పుడు రెక్కలున్న పురుగులు పుడతాయి, గాలివాటున చాలా దూరం పోతాయి. మన చుట్టూ పత్తి, మిర్చి చేన్లు. ఇంట్లోనే మందారం, బెండ, వంగ కుండీలు ఉంటే అవి చాలు. రెండో దారి కొత్తగా కొన్న మొక్క. చిక్కుడు పాదుకు పట్టే నల్ల పేను మాత్రం ఎక్కువగా పప్పుజాతి మొక్కలనే ఎంచుకుంటుంది. సక్యులెంట్‌కు పట్టినదానికి చిక్కుడును తిట్టుకోవద్దు.

## మొదటి రోజు

ఇప్పుడే చూసిన. అన్నిటికన్నా ముందు ఏం చెయ్యాలె?

మందు డబ్బా పక్కన పెట్టండి. కుండీని మిగతావాటికి కనీసం రెండు మూడు అడుగుల దూరం జరపండి. పూకాడకు పట్టి ఉంటే కాడను మొదలుకంటా కత్తిరించి, కవర్లో కట్టి చెత్తలో వేయండి. సగం పురుగు అక్కడే పోతుంది. పూల మీద ఆశపడి కాడను ఉంచుకున్నవాళ్ళకే ఈ పని నెల రోజులు సాగుతుంది.

తర్వాత నీళ్ళు. కుండీ మూతికి పాలిథీన్ కవర్ చుట్టి, కాండం దగ్గర దారంతో వదులుగా కట్టండి, మట్టి తడవకూడదు. కుండీని పక్కకు వంచి పట్టుకుని స్ప్రేయర్ నాజిల్‌ను సన్నటి ధారకు తిప్పి, జానెడు దూరం నుంచి ఆకుల కిందివైపు, చిగురు మొదట్లో కొట్టండి. ధార చిగురును విరవకూడదు, పురుగును లేపాలి. ఒక చెయ్యి చిగురు వెనక ఆనిస్తే విరగదు. కింద పడ్డ పురుగులకు తిరిగి పాకివచ్చే బలం అంతగా ఉండదు, ఎందుకంటే రసంలో గుచ్చిన మూతి చాలాసార్లు తెగిపోతుంది. మూడు రోజులకోసారి చొప్పున మూడుసార్లు చేస్తే తక్కువ పట్టిన మొక్క మందు లేకుండానే బాగవుతుంది.

సక్యులెంట్‌కు నీళ్ళు కొడితే కుళ్ళదా?

కుళ్ళేది ఆకు తడిసినందుకు కాదు, మధ్య గుంటలో నీళ్ళు రాత్రంతా నిలిచినందుకు, మట్టి ఆరనందుకు. ఉదయం 8, 10 గంటల మధ్య కడగండి. కడిగాక కుండీని తలకిందులుగా వంచి దులపండి, రోజెట్ (గులాబీ పువ్వులా పేర్చినట్టుండే ఆకుల గుత్తి) నడుమ మిగిలిన చుక్కలను స్ట్రాతో ఊదేయండి. ఫ్యాన్ కింద గంటసేపు పెట్టి, తర్వాత నీడ వెలుతురులో ఉంచండి. డిసెంబర్, జనవరి సాయంత్రాల్లో కడగొద్దు. హావర్తియా, ఎచెవేరియాల్లో నడుమ కుళ్ళు అప్పుడే మొదలవుతుంది.

స్పిరిట్‌తో తుడవచ్చంటున్నరు. మెడికల్ షాపుల ఏది అడగాలె?

70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. దానికి సమానంగా నీళ్ళు కలిపి, చెవి దూదిపుల్లతో గానీ సన్నటి కుంచెతో గానీ పురుగు మీద మాత్రమే అద్దండి. ఆకు సందుల్లో దాక్కున్న నాలుగైదు పురుగులకు ఇది చక్కటి మార్గం. మొక్కంతా స్ప్రే చేస్తే ఆకు మైనం కరిగి మచ్చలు పడతాయి. ఎండలో అస్సలు వద్దు. శానిటైజర్ పనికిరాదు, అందులోని గ్లిజరిన్, సువాసన ద్రవ్యాలు ఆకుకు అంటుకుని ఉండిపోతాయి.

ఎచెవేరియా మీది బూడిద పూత పోకుండ పురుగు తీయొచ్చా?

పొడి కుంచెతో, రెండో తరగతి పిల్లలు వాడే 2వ నంబరు వాటర్ కలర్ కుంచె చాలు. కొనను పురుగు కిందకు పోనిచ్చి పైకి లేపండి, రుద్దొద్దు. కింద తెల్ల కాగితం పెడితే పడ్డవాటి లెక్క తెలుస్తుంది. పూత ఒకసారి పోయిన ఆకు మీద మళ్ళీ పూర్తిగా రాదు. కొత్త ఆకులే పూతతో వస్తాయి. అందుకే ఈ మొక్కలకు నూనె, సబ్బు చివరి దారి.

## ఇంట్లో చేసుకునే మందులు

సబ్బు నీళ్ళు ఎంత కలపాలె? సర్ఫ్ వాడొచ్చా?

బట్టల పౌడర్ వద్దు. అందులోని సోడా ఆకు అంచులను కాలుస్తుంది. మొక్కల కోసం అమ్మే పొటాషియం సబ్బు ద్రవం లీటరుకు 5 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి, చాలకపోతే 10కి పెంచండి. అది దొరకనప్పుడు కుంకుడుకాయ రసం వాడొచ్చు: పది కాయల పెచ్చులు పావు లీటరు వేడి నీళ్ళలో రాత్రి నానబెట్టి, పిసికి, వడకట్టి, లీటరు చేసుకోండి.

సబ్బు పురుగుకు తగిలి తడిగా ఉన్నంతసేపే చంపుతుంది, ఆరిపోయాక దాని పని అయిపోయినట్టే. కాబట్టి పురుగు తడిసేలా కొట్టి, అరగంట తర్వాత మంచినీళ్ళతో కడిగేయండి. జేడ్, ముళ్ళ యుఫోర్బియా సబ్బుకు తట్టుకోలేవు. వాటికి ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూసిన తర్వాతే మిగతాది.

మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఫెయిల్ అయ్యేది నీళ్ళ వల్ల. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. సబ్బు వేసి కలిపితే నురుగు రాకుండా పైన తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టే సబ్బు, ఇక కింద ఉన్నది ఉత్త నీళ్ళు. తాగే ఫిల్టర్ నీళ్ళతో గానీ, పట్టి ఉంచిన వాన నీళ్ళతో గానీ కలపండి.

వేప నూనె కొట్టిన, ఆకులు మాడిపోయినయి. ఏం తప్పు జరిగింది?

మూడింట్లో ఒకటి. నూనె నీళ్ళలో కలవకుండా చిక్కటి చుక్కలుగా పడటం, కొట్టాక కుండీని ఎండలో పెట్టడం, లేదా మోతాదు ఎక్కువ కావడం. సరైన తీరు ఇది: లీటరు నీళ్ళకు 3 నుంచి 5 మిల్లీలీటర్ల వేప నూనె. ముందు చిన్న గిన్నెలో నూనెకు ఒక మిల్లీలీటరు సబ్బు ద్రవం కలిపి తెల్లగా పాలలా అయ్యేదాకా గిలకొట్టండి. గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ లీటరు చేయండి. పైన నూనె తేలితే కలవనట్టే, కొట్టొద్దు. సూర్యుడు దిగాక, ఆకులు ఆరే టైమ్ ఉండేలా 5 గంటల ప్రాంతంలో కొట్టి, రెండు రోజులు నీడలో ఉంచండి. కలిపింది అదే రోజు వాడేయాలి. గది వేడి 32 డిగ్రీలు దాటే రోజుల్లో నూనె జోలికి పోవద్దు.

రెండో రోజు పురుగు కదులుతున్నదని డోసు పెంచకండి. వేపలోని అజాడిరక్టిన్ తిండి తగ్గించి, కుబుసం విడవనీయకుండా చేస్తుంది, దానికి ఐదారు రోజులు పడుతుంది.

నూనె బదులు వేప గింజల కషాయం మంచిదా?

సక్యులెంట్‌కు మంచిదే, నూనె కన్నా తేలిక. జూన్, జూలైలో రాలిన వేపపండ్ల గింజలు నీడలో ఎండబెట్టి ఉంచుకుంటే పప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పల్చటి బట్టలో వడకట్టండి. ఒక గ్రాము సబ్బు కలిపి వెంటనే కొట్టాలి. బూజు పట్టిన గింజ పని చేయదు.

చిక్కుడుకు బూడిద చల్లుతం కదా, దీనికి చల్లొచ్చా? పొగాకు నీళ్ళు?

బూడిద వద్దు. రోజెట్ సందుల్లో ఇరుక్కుని తేమ పడితే క్షారమై ఆకు మొదళ్ళను తింటుంది. పసుపు చల్లితే మరక తప్ప ఫలితం ఉండదు. పొగాకు కషాయం నిజంగానే పేనును చంపుతుంది, కానీ అందులోని నికోటిన్ చర్మం గుండా మనిషికీ ఎక్కుతుంది. పిల్లలు తిరిగే బాల్కనీలో అంత అవసరం లేదు.

దోమల స్ప్రే కొట్టిన, పురుగులైతే చచ్చినయి. మంచిదేనా?

వారంలో ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు చూస్తారు. డబ్బాలోని కిరోసిన్ లాంటి ద్రావకం ఆకు మైనాన్ని కరిగిస్తుంది. ఇప్పుడే కొట్టి ఉంటే వెంటనే సబ్బు నీళ్ళతో, తర్వాత మంచినీళ్ళతో కడగండి.

## మందుల షాపు మందులు

ఏం చేసినా పోతలేవు. ఏ మందు, ఎంత?

ఇరవై ముప్పై కుండీలకు ఒకేసారి పాకి, రెండు మూడు వారాలు కడిగినా తగ్గనప్పుడే ఈ దారి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. (ద్రవ మందు) లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, లేదా థయామెథాక్సామ్ 25 డబ్ల్యూ.జి. (నీళ్ళలో కలిసే గుళికల మందు) లీటరుకు 0.2 గ్రాములు. రెండూ ఒకే గుంపు మందులు, రెండింటినీ కలపడం గానీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టడం గానీ చేయొద్దు.

0.3 మిల్లీలీటర్లు మూతతో కొలిచేది కాదు. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజి వాడి, తర్వాత పారేయండి. 0.2 గ్రాములకైతే ఒక గ్రాము మందును 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, అందులోంచి 20 మిల్లీలీటర్లు తీసి లీటరు చేయండి. మిగిలిన ద్రావణం దాచొద్దు, దాన్ని కూడా అదే లెక్కన కలిపి మందారం, గన్నేరు లాంటి పూలమొక్కలకు పూత లేనప్పుడు కొట్టేయండి, మోరీలో పోయొద్దు. పూలు విచ్చిన మొక్కకు ఈ మందులు కొట్టకూడదు, తేనెటీగలు చస్తాయి. మాస్కు, గ్లౌజులు తప్పనిసరి.

పత్తికి కొట్టంగ మిగిలిన మందు ఇంట్ల ఉన్నది. కొంచెం కొడితే ఏమైతది?

వద్దు. చేనుకు గాలి ఉంటుంది, బాల్కనీకి ఉండదు. సీసా మీద త్రికోణం ఎర్రగా ఉంటే అత్యంత విషపూరితం, పసుపుది దాని తర్వాత. అలాంటివి ఇంటి లోపలికే రాకూడదు. పైగా మలాథియాన్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు జేడ్ కుటుంబపు మొక్కలను కాల్చేస్తాయి: రెండు మూడు రోజుల్లో ఆకులు మెత్తబడి రాలిపోతాయి.

రణపాలకు పట్టినయి. మా నాయనమ్మ పొద్దున్నే ఆకు తింటది.

తినే రణపాలకు, ఒంటికి రాసుకునే కలబందకు షాపు మందు ఏదీ వద్దు. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క లోపల రసంలో తిరుగుతాయి, కడిగితే పోవు. నీళ్ళ ధార, కుంకుడు రసం వరకే ఆగండి. ఇదివరకే మందు కొట్టి ఉంటే ఆ మొక్క ఆకులు తినడం మానేసి, మందు తగలని వేరే చోటి ఆకు తెచ్చి కొత్త మొక్క లేపుకోండి.

## మళ్ళీ మళ్ళీ వస్తుంటే

అన్ని పోయినయనుకున్న. వారం కాంగనే మళ్ళ అన్నే వచ్చినయి!

మన వాతావరణంలో పేనుబంక గుడ్లు పెట్టదు, మగపురుగు లేకుండానే నేరుగా పిల్లలను కంటుంది. పుట్టిన పిల్ల వారం పది రోజుల్లో తానూ కనడం మొదలుపెడుతుంది. అంటే ఆకు సందులో ఒక్కటి మిగిలినా చాలు. అందుకే నీళ్ళ ధారైతే మూడు రోజులకోసారి, ఇంట్లో చేసుకునే మందులైతే ఐదారు రోజుల తేడాతో, కనీసం మూడు విడతలు చేయాలి. మొదటి విడతకే మొక్క శుభ్రంగా కనిపించినా మిగతా రెండూ మానొద్దు.

కుండీ నిండ చీమలు. వాటికీ దీనికీ సంబంధం ఉన్నదా?

ఉంది. చీమలు బంక కోసం పేనుబంకకు కాపలా కాస్తాయి, వాటిని తినే పురుగులను తరిమేస్తాయి. స్టాండు కాళ్ళను నీళ్ళు పోసిన గిన్నెల్లో పెట్టి, ఆకులు గోడకు తగలకుండా జరపండి. పుట్ట దాకా పోవాలంటే ఎర: 100 మిల్లీలీటర్ల నీళ్ళు, 10 గ్రాముల చక్కెర, ఒక గ్రాము బోరిక్ పౌడర్. దూది ముంచి సీసా మూతలో పెట్టి చీమల బారు పక్కన ఉంచండి, కుండీ మట్టిలో కాదు. బోరిక్ ఎక్కువ వేస్తే చీమలు దారిలోనే చస్తాయి, ఎర పుట్టలోకి పోదు. పిల్లలకు, కుక్కలకు అందనీయొద్దు.

పైన ఒక్క పురుగు లేదు, మొక్క మాత్రం వాడుతున్నది.

కుండీలోంచి తీసి వేర్లు చూడండి. కొన్ని రకాల పేనుబంక, పిండినల్లి వేర్ల మీదే బతుకుతాయి, తెల్లటి పొడి కనిపిస్తుంది. పాత మట్టి మొత్తం దులిపి పారేసి, వేర్లను నీళ్ళలో కడిగి, పాడైనవి కత్తిరించి, నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి. కొత్త మట్టి: ఒక వంతు ఎర్ర చెలక మట్టి, రెండు వంతుల దొడ్డు ఇసుక, అర వంతు బాగా మాగిన పశువుల ఎరువు. నల్లరేగడి పిడికెడు కూడా వద్దు. నాటిన వారానికి గానీ నీళ్ళు పోయొద్దు.

వంకరపోయిన ఆకులు సక్కగైతయా?

కావు. లేతగా ఉన్నప్పుడు గుచ్చిన చోట పెరుగుదల ఆగి ముడుచుకుంటాయి. వాటిని పీకాల్సిన పని లేదు, వాటిలోనూ నీరు, తిండి ఉంటాయి. తర్వాత వచ్చే ఆకు సరిగ్గా వస్తే పురుగు పోయినట్టు.

## రాకుండా చూసుకోవడం

మంచిగ ఎరువేస్తున్న, అయినా ఎందుకు పడుతున్నది?

అందుకే పడుతున్నది. యూరియా, మితిమీరిన పేడ ఎరువు, వారం వారం పోసే జీవామృతం లేత చిగురును పెంచుతాయి, పేనుకు కావలసింది అదే. సక్యులెంట్‌కు ఏడాదికి రెండుసార్లు పలుచటి ఎరువు చాలు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా నత్రజని వేయొద్దు. ఉదయపు ఎండ నాలుగు గంటలైనా తగిలే చోట పెట్టండి.

నల్లగ, నారింజ మచ్చలతోని ఒక పురుగు తిరుగుతున్నది. చంపాల్నా?

చంపొద్దు! మొసలి పిల్లలా కనిపించే అది అక్షింతల పురుగు పిల్ల, రోజుకు పదుల కొద్దీ పేనును తింటుంది. ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా అతుక్కున్న పేనును కూడా వదిలేయండి. దాని లోపల చిన్న కందిరీగ పెరుగుతున్నది. ఇవి రెండూ కనిపిస్తే మందు ఆపి పది రోజులు ఆగి చూడండి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను ఎన్ని రోజులు దూరం పెట్టాలె?

మూడు వారాలు. మన ఊర్ల నర్సరీలకు చాలా మొక్కలు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో కిక్కిరిసి వస్తాయి, ఒకదానిది ఇంకోదానికి అంటుతుంది. కొనేటప్పుడే పూకాడ, కింది ఆకుల వెనక చూడండి. జిగట తగిలితే వదిలేయండి.

ఎండాకాలం కూడా చూసుకోవాల్నా?

ఎండ 35 డిగ్రీలు దాటితే పేనుబంక పెరుగుదల పడిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో దాదాపు కనిపించదు. అప్పుడు పిండినల్లి వంతు. మళ్ళీ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, ముఖ్యంగా మబ్బు పట్టిన రోజుల్లో, కన్నేసి ఉంచాలి.

సంక్రాంతికో, మేడారం జాతరకో వారం రోజులు ఊరికి పోతున్నం. మొక్క మీద పురుగున్నది, ఏం చేసి పోవాలె?

పోయే ముందురోజు ఉదయం కడిగి, పూకాడలు తీసేసి, పూర్తిగా ఆరనివ్వండి. నీళ్ళు పోయొద్దు, చలికాలంలో వారం పది రోజులు సక్యులెంట్‌కు నీళ్ళు లేకున్నా ఏమీ కాదు. పట్టిన కుండీని ఒంటరిగా, చీమలు ఎక్కకుండా నీళ్ళ గిన్నెలో బోర్లించిన దిమ్మె మీద పెట్టండి. పక్కింటివాళ్ళకు చెప్పి పోతే "రోజూ కాస్త నీళ్ళు పోయండి" అనకండి. వచ్చిన రోజే రెండో విడత కడగండి.